ప్రార్థనలో రాజు పేరు

క్రైస్తవుల ఆరాధనలో దేశముకొరకు, దేశమును పాలించువారికొరకు చేయు ప్రార్థన చాల చిన్నది. నిదానముగా చదివినను ఒక నిమిషముకంటె ఎక్కువ పట్టదు. విన్నవారు ఆమేన్ అని పలికి తరువాతి ప్రార్థనకు సాగిపోవుదురు. ఐనను ఈ ఒక్క నిమిషముకొరకు గురువులు ఉద్యోగములు పోగొట్టుకొన్నారు, చెరసాలలకు పోయినారు, దేవాలయములకు తాళములు పడినవి, తుపాకులు పట్టిన సిపాయిలు ఆరాధన మధ్యలో వచ్చి నిలుచున్నారు. పాలకుని మేలు కోరుట ఇంత అపాయకరమైన పని ఎట్లయినదో విచారింపదగియున్నది.

రాజు క్షేమమును కోరుట క్రైస్తవులకు మాత్రమే చెందిన ఆచారము కాదు. సంస్కృత నాటకముల చివర భరతవాక్యములో రాజుకును ప్రజలకును శుభము కోరుట మనము ఎరిగినదే. మసీదులలో శుక్రవారపు ఖుత్బాయందు ఏ ప్రభువు పేరు చదివిన ఆ ప్రభువు అధికారమును అంగీకరించినట్లే లెక్క. హైదరాబాదు రాజ్యమును స్థాపించిన మొదటి ఆసఫ్ జా సర్వస్వతంత్రుడుగా పాలించుచునే ఖుత్బాలో మాత్రము ఢిల్లీ చక్రవర్తి పేరునే నిలుపుకొన్నాడు. పేరు చదువుటలో ఎంత రాజనీతి ఇమిడియున్నదో దీనినిబట్టి తెలియును. క్రైస్తవుల ప్రార్థనకు మాత్రము మరియొక మెలిక కలదు. అది మొదలైన కాలమున, ఎవరికొరకు ప్రార్థించుచున్నారో ఆ పాలకుడు తమ మతమువాడు కాడు. తమకు మిత్రుడును కాడు.

దీని మూలము యూదుల చరిత్రలో నున్నది. క్రీస్తుకు పూర్వము ఆరవ శతాబ్దపు ఆరంభమున బబులోను రాజు యెరూషలేమును లోబరచుకొని అక్కడి ప్రముఖులను చెరగొని పోయినాడు. ఆ చెరలో నున్నవారికి ప్రవక్త యిర్మీయా ఒక లేఖ పంపినాడు. తమ్ము పట్టుకొనిపోయిన ఆ పట్టణముకొరకే ప్రార్థింపవలసినదనియు, అది చల్లగా నుండిన గాని తాము చల్లగా నుండజాలరనియు ఆ లేఖ సారాంశము. తరువాత రోమనులు పాలకులైనప్పుడు యెరూషలేము దేవాలయములో దినమునకు రెండు సార్లు చక్రవర్తికొరకు బలి అర్పించు ఏర్పాటు జరిగినది. చక్రవర్తికి అర్పించు బలి కాదది. చక్రవర్తికొరకు దేవునికి అర్పించు బలి. 'కి' అను ప్రత్యయమునకును 'కొరకు' అను ప్రత్యయమునకును నడుమనున్న ఈ భేదమును శ్రోతలు గుర్తుంచుకొన గోరెదను. ఈ కథలో సగము దానిమీదనే నడచినది. క్రీ.శ. 66లో ఆ బలిని నిలిపివేసినారు. రోముతో యుద్ధమునకు అదియే పునాది యని ఆ యుద్ధములో పాల్గొన్న జోసీఫసు తన చరిత్రలో వ్రాసినాడు. నాలుగేండ్లకు దేవాలయమే నేలమట్టమైనది.

పౌలు తిమోతికి వ్రాసిన మొదటి లేఖలో రాజులకొరకును అధికారులందరికొరకును ప్రార్థనలు చేయవలెనను ఉపదేశమున్నది. ప్రజలు నెమ్మదిగా, భయము లేక బ్రతుకుటకే ఈ ప్రార్థన యని కారణముకూడ చెప్పబడినది. సంప్రదాయము ననుసరించి ఆ లేఖ నీరో చక్రవర్తి కాలమునాటిది. క్రీ.శ. 64లో రోము నగరము తగులబడగా ఆ నేరమును క్రైస్తవులపై మోపి చంపించినవాడు ఆ నీరోయే. కావున ఈ ఉపదేశము రాజభక్తిపరులు దర్బారులో పలికిన మంగళాశాసనము వంటిది కాదు.

రోము అధికారులకు ఈ ప్రార్థన చాలలేదు. సుమారు 112లో బితూనియ దేశమును పాలించుచున్న ప్లినీ, క్రైస్తవులని ఫిర్యాదు వచ్చినవారిని పిలిపించి, ట్రాజను చక్రవర్తి విగ్రహము ఎదుట సాంబ్రాణి వేసి ద్రాక్షారసము పోయుమని పరీక్షించినాడు. వేసినవారిని విడిచినాడు, వేయనివారిని శిక్షకు పంపినాడు. ఇది చక్రవర్తికి చేయు పూజ. క్రైస్తవులు చేయుదుమన్నది చక్రవర్తికొరకు చేయు ప్రార్థన. 197లో ఆఫ్రికా ఉత్తర తీరమున కార్తేజి నగరములో టెర్టులియను అను పండితుడు తన మతస్థుల పక్షమున సమర్థన వ్రాయుచు ఈ వాదమునే పెంచినాడు. చక్రవర్తి దీర్ఘాయువుకొరకు, రాజ్యము నిలుకడకొరకు, సేనల ధైర్యముకొరకు తామును ప్రార్థించుచున్నామనియు, తమ చక్రవర్తిని మనుష్యుడని చెప్పుటయే ఆయనకు నిజమైన మర్యాద యనియు ఆయన వాదము. న్యాయవాది చేతి పని అని ఆ గ్రంథము చదివినవారికి వెంటనే తోచును. ఐనను అందులోని మాట సామాన్యమైనది కాదు. ఎవరికొరకైతే ప్రార్థన చేయవలసియున్నదో అతడు దేవుడు కాడని ఆ ప్రార్థనయే చాటుచున్నది.

ఈ వాదములో చివరకు నెగ్గినదెవరో 311వ సంవత్సరము చెప్పినది. క్రైస్తవులను ఏండ్లకొలది హింసింపజేసిన గలేరియసు చక్రవర్తి ఘోరమైన వ్యాధితో మంచము పట్టి, వారి ఆరాధనను అనుమతించుచు శాసనము ప్రకటించినాడు. దానికి ప్రతిగా వారు తమ దేవుని ఎదుట తన క్షేమముకొరకును రాజ్య క్షేమముకొరకును ప్రార్థింపవలెనని ఆ శాసనములోనే కోరినాడు. కొలది దినములకే మరణించినాడు.

అటుపిమ్మట చక్రవర్తులే క్రైస్తవులైనారు. ప్రార్థన సులభమైనది; సులభమైనకొలది దానిలో పస తగ్గినది. వేయి సంవత్సరముల ఆ కథను విడిచి, ఈ ప్రార్థన తిరిగి ముల్లుగా మారిన ఇంగ్లండుకు పోవుదము.

ఎనిమిదవ హెన్రీ పోపుతో తెగతెంపులు చేసికొని 1534లో తానే తన దేశపు క్రైస్తవ సంఘమునకు శిరస్సునని శాసనము చేయించుకొన్నాడు. మరుసటి ఏట ప్రార్థన పుస్తకములన్నిటిలోను పోపు పేరును గీకివేయవలెనని ఆజ్ఞ వెలువడినది. చాకుతో తోలుకాగితము మీది అక్షరములను గీకివేసిన ఆ పుటలు నేటికిని కొన్ని గ్రంథాలయములలో నున్నవి. 1549లో ఇంగ్లీషు భాషలో సామాన్య ప్రార్థన గ్రంథము వచ్చినది. 1662లో అది స్థిరరూపము పొందినది. రాజు పేరు పెట్టి ఆయనకొరకు చేయవలసిన ప్రార్థన అందులో అచ్చువేయబడినది. ఆయన శత్రువులందరిని జయించునట్లు బలమిమ్మని కోరు భాగమును దానిలో నుండెను. గురువైన ప్రతివాడును రాజునకు విధేయుడనై యుందునని ప్రమాణము చేయవలెను. ఈ పుస్తకములో నున్న ప్రార్థనలనే చదువుదునని ఒప్పుకొనవలెను. అనగా నిన్నటివరకు హృదయమునకు విడిచిపెట్టిన మాట ఇప్పుడు చట్టమైనది.

రాజు మారనంతకాలము ఇందులో చిక్కు లేదు. 1688లో రెండవ జేమ్సు దేశము విడిచి పారిపోయినాడు. ఆయన అల్లుడు విలియము, కుమార్తె మేరీ సింహాసనమెక్కినారు. ఒక రాజుకు చేసిన ప్రమాణమును ఆ రాజు బ్రతికియుండగా మరియొకరికి ఎట్లు చేయుదుమని కాంటర్బరీ ఆర్చిబిషప్పు సాంక్రాఫ్టు, మరికొందరు బిషప్పులు, సుమారు 400 మంది గురువులు నిరాకరించినారు. వీరిలో విచిత్రమేమనగా, జేమ్సు రాజు ఆజ్ఞను ధిక్కరించి ఆయన చేతనే లండను టవరులో ఖైదు చేయబడినవాడు ఈ సాంక్రాఫ్టు. రాజు మాట వినలేదు. ఐనను రాజుకొరకు చేయు ప్రార్థనను మార్చలేదు. ఉద్యోగము విడిచి స్వగ్రామమునకు పోయినాడు.

స్కాట్లండులో ఈ పట్టుదల వంద సంవత్సరములు సాగినది. అక్కడి బిషప్పుల సంఘమువారు పారిపోయిన స్టూవర్టు వంశమునే రాజులుగా ఎంచినారు. 1745లో స్టూవర్టు రాజకుమారుడు చార్లెసు ఎడ్వర్డు తిరుగుబాటు చేసి ఓడిన తరువాత చట్టములు కఠినమైనవి. జార్జి రాజు పేరు పెట్టి ప్రార్థింపని గురువు తన ఇంటివారు కాక మరి నలుగురిని మించి కూడబెట్టి ఆరాధన జరిపిన శిక్షార్హుడు. ఇండ్లలో, మిద్దెగదులలో, నలుగురేసి చొప్పున మార్చి మార్చి ఆరాధన జరుపుకొనుచు వారు కాలము గడపినారు. 1788 జనవరి 31న చార్లెసు ఎడ్వర్డు రోములో మరణించినాడు. ఆ సంవత్సరము మే 25వ తేదీ ఆదివారమున స్కాట్లండు బిషప్పుల ఉత్తరువు ప్రకారము జార్జి రాజు పేరు మొదటిసారి ఆ దేవాలయములలో చదువబడినది. ఆ పేరు వినబడగానే ముక్కులు చీదుటయు, గొంతులు సవరించుకొనుటయు, నిట్టూర్పులును బయలుదేరినవని నాటివారు జ్ఞాపకము చేసికొన్నారు. వారికి ఈ మూడవ జార్జి పేరు క్రొత్తది. సముద్రమునకు ఆవల అమెరికాలో ఆ పేరే అప్పటికి కొట్టివేయబడి పండ్రెండేండ్లైనది.

అమెరికా కథ మిక్కిలి ఆసక్తికరమైనది. బ్రిటిషు వలసలు పదమూడును పన్నుల వివాదములో తిరుగబడినప్పుడు, మొదట ఎవరును రాజును కాదనలేదు. పార్లమెంటుతోనే తగవు అనినారు. ఆ వలసల ప్రతినిధులు కూడిన కాంగ్రెసు 1775 జులై 20వ తేదీని ఉపవాస దినముగా ప్రకటించినప్పుడు, ఆ ప్రకటనలో మూడవ జార్జి రాజునకు దేవుని దీవెన కోరినారు. అప్పటికి రాజు సేనతో తమ సేన యుద్ధము చేయుచునే యున్నది!

ఆ వేసవిలోనే మేరీలాండులో జోనథను బూషరు అను గురువు ప్రసంగ పీఠము మీద రెండు నిండు పిస్తోళ్లు పెట్టుకొని ప్రసంగించుచుండెను. ఆయన రాజపక్షము వాడు. కొన్నేండ్లక్రితము జార్జి వాషింగ్టను సవతి కుమారునికి చదువు చెప్పినవాడును ఈయనయే. ఉపవాస దినమున ఆయుధములు పట్టిన మనుష్యులు దేవాలయమును నింపి ఆయనను మాటాడనీయలేదు. సెప్టెంబరులో ఓడ ఎక్కి ఇంగ్లండు వెళ్లిపోయినాడు.

న్యూయార్కు ట్రినిటీ దేవాలయములో చార్లెసు ఇంగ్లిసు అను గురువు పిస్తోళ్ల జోలికి పోలేదు. 1776లో వాషింగ్టను సేనతో ఆ నగరము చేరినప్పుడు సేనాధికారి ఒకడు కబురు పెట్టినాడు: ఆదివారము జనరలు ఆరాధనకు వచ్చును, రాజుకొరకు చేయు ప్రార్థనలు విడిచిన సంతోషింతురు అని. ఇంగ్లిసు విడువలేదు. తరువాత వాషింగ్టనును కలిసికొని, దేవాలయములను మూయించుట మీ చేతిలో నున్నది గాని గురువులను తమ ధర్మమునుండి తప్పించుట మీ చేతిలో లేదని చెప్పినాడు. ఆ కబురు తన ఎరుకతో వచ్చినది కాదని వాషింగ్టను సర్దిచెప్పినాడు. మరియొక ఆదివారము సుమారు 150 మంది సిపాయిలు తప్పెటలు వాయించుచు, తుపాకులకు బాయినెట్లు తగిలించుకొని దేవాలయములోనికి వచ్చి నిలిచినారు. రాజుకొరకు ప్రార్థన మొదలుపెట్టగానే కాల్చుదురని జనులు భయపడినారు. ఇంగ్లిసు ఆ ప్రార్థనను యథావిధిగా చదివినాడు. ఎవరును కాల్చలేదు. స్వాతంత్ర్య ప్రకటన తరువాత మాత్రము, రాజు పేరు చదివిన అపాయము, చదువకున్న ప్రమాణభంగము గనుక, ఆయనయు ఆయన తోడి గురువులు చాలమందియు దేవాలయములనే మూసివేసినారు. ఈ కథలో ఓడిన పక్షమువాడైనను ఇంగ్లిసునందు నాకు గౌరవము కలదు.

ఫిలడెల్ఫియాలో మార్గము వేరు. 1776 జులై 4న అమెరికా స్వాతంత్ర్యమును కాంగ్రెసు ఆమోదించిన దినముననే, కొన్ని వీధుల దూరములో క్రైస్టు చర్చి సంఘ పెద్దలు తమ గురువు జాకబు డూషే ఇంట కూడి, రాజుకొరకు చేయు ప్రార్థనలను విడిచిపెట్టుటకు తీర్మానించినారు. డూషే ప్రార్థన గ్రంథములో రాజు పేరున్న పంక్తులను కలముతో కొట్టివేసి, వాని స్థానమున కాంగ్రెసుకొరకు ప్రార్థన వ్రాసినాడు. ఆ పుస్తకము నేటికిని ఆ సంఘమువారి వద్ద భద్రముగా నున్నది. మరునాడు వర్జీనియా ప్రతినిధుల సభయు రాజు పేరు తీసి రాష్ట్రాధికారులకొరకు ప్రార్థింపవలెనని శాసించినది.

ఈ డూషే 1774లో కాంగ్రెసు మొదటి కూటములో ప్రార్థన చేసి ప్రతినిధులను కన్నీరు పెట్టించినవాడు. 1776లో కాంగ్రెసుకు ఆస్థాన గురువు. 1777 సెప్టెంబరులో బ్రిటిషు సేనలు ఫిలడెల్ఫియాను పట్టుకొని ఆయనను ఖైదు చేసి విడిచినవి. అక్టోబరు 8న ఆయన వాషింగ్టనుకు దీర్ఘమైన లేఖ వ్రాసి, స్వాతంత్ర్య ప్రకటనను రద్దు చేయింపుమని బ్రతిమాలినాడు. వాషింగ్టను ఆ లేఖను కాంగ్రెసుకు పంపించినాడు. డూషే బావమరది ఫ్రాన్సిసు హాప్కిన్సను స్వాతంత్ర్య ప్రకటనపై చేవ్రాలు చేసినవాడు. అతడు ఘాటైన జవాబు వ్రాసినాడు. డూషే ఇంగ్లండుకు పోయి పదునైదేండ్లు అక్కడనే యుండి, 1792లో మరల ఫిలడెల్ఫియా చేరినాడు. ఆయనను పిరికివాడని కొట్టివేయుట సులభము. కాని ఒకే చేతితో రాజు పేరు కొట్టివేసి, ఆ చేతితోనే దానిని తిరిగి వ్రాయబోయిన మనుష్యుడు, కలపుపోటు లోతెంతయో ఇంగ్లిసుకంటె ఎక్కువగా ఎరిగినవాడని తోచును.

యుద్ధము ముగిసినది. అమెరికాలోని ఈ సంఘమునకు బిషప్పులు కావలెను. బిషప్పుగా అభిషేకము పొందుటకు ఇంగ్లండు చట్టము ప్రకారము రాజునకు విధేయతా ప్రమాణము చేయక తప్పదు. స్వతంత్రదేశ పౌరుడు అది చేయరాదు. కనెక్టికటు గురువులు ఎన్నుకొన్న శామ్యూలు సీబరీ లండనులో సంవత్సరమునకు మించి వేచియుండి, చివరకు స్కాట్లండునకు పోయినాడు. జార్జి పేరు ఇంకను ప్రార్థనలో చదువని ఆ బిషప్పులు 1784 నవంబరు 14న ఆబర్డీను నగరములో ఒక ఇంటి మిద్దెగదిలో ఆయనకు అభిషేకము చేసినారు. స్టూవర్టు రాజులకు కట్టుబడిన వృద్ధులు, ఏ రాజును లేని దేశమునకు బిషప్పు నిచ్చినారు. చరిత్రలో ఇటువంటి సంధులు అరుదు.

1789లో అమెరికా సంఘము తన ప్రార్థన గ్రంథమును సిద్ధము చేసికొన్నది. పాత రాజ ప్రార్థననే కొంత మార్చి నిలుపుకొన్నారు. ఆ మార్పులు చిన్నవే గాని చూడదగినవి. రాజు పేరున్న చోట అమెరికా సంయుక్త రాష్ట్రముల అధ్యక్షుడు అను పదవి వచ్చినది, పేరు రాలేదు. ఆయనతోపాటు అధికారములో నున్నవారందరును చేరినారు. శత్రువులందరిని జయించునట్లు చేయుమను మాట పోయినది. అప్పుడు అధ్యక్షుడు వాషింగ్టను. ఆ గౌరవము చూపదలచిన పేరు వ్రాయుట కష్టము కాదు, వ్రాయలేదు. ఇంగ్లండులో మాత్రము పేరు ఇప్పటికిని ఉన్నది. 2022 సెప్టెంబరు 8న ఎలిజబెతు రాణి మరణింపగా, ఆ ఆదివారము అక్కడి దేవాలయములలో చార్లెసు రాజు పేరు పెట్టి ప్రార్థించినారు.

పేరు తీసివేసినంత మాత్రమున తగవు తీరలేదు. 1861లో దక్షిణ రాష్ట్రములు విడిపోయి వేరొక అధ్యక్షుని పెట్టుకొన్నప్పుడు, ఏ అధ్యక్షుడను ప్రశ్న వచ్చినది. 1862 ఫిబ్రవరిలో ఉత్తర సేన వశమైన వర్జీనియాలోని అలెగ్జాండ్రియా పట్టణమున, అధ్యక్షునికొరకు ప్రార్థన విడిచిన గురువును బల్లయొద్దనుండియే సిపాయిలు పట్టుకొనిపోయినారు. యుద్ధము ముగిసిన తరువాత 1865లో అలబామా బిషప్పు విల్మరు వింత తర్కము లేవదీసినాడు. ప్రార్థన పౌరాధికారులకొరకు, ఇక్కడ నున్నది సైనిక పాలన, దానికి దీర్ఘాయువు నిమ్మని ఎవడు మనసార కోరగలడని! జనరలు వుడ్సు ఆ రాష్ట్రములో ఆ సంఘపు దేవాలయములను మూయించినాడు. కొన్ని నెలలకు వాషింగ్టనునుండి ఉత్తరువు వచ్చి అవి తెరువబడినవి. నిర్బంధము పోయిన తరువాత బిషప్పు తానుగా ఆ ప్రార్థనను మరల ప్రవేశపెట్టినాడు.

మన తెలుగు దేశమున ఈ ప్రశ్న అందరు క్రైస్తవులకును ఒక్క రూపమున రాలేదు. నెల్లూరు బాప్తిస్టులకు అచ్చువేసిన ప్రార్థన గ్రంథపు నిర్బంధము లేదు; ప్రార్థించువాని నోటికి వచ్చిన మాటయే ప్రార్థన. 1841లో బందరులో ఫాక్సు, నోబులు అను ఇరువురు ప్రారంభించిన ఆంగ్లికను మిషను వారికి మాత్రము 1662నాటి గ్రంథమే ఆధారము. అది తెలుగులోనికి వచ్చినది; దానితో విక్టోరియా రాణి పేరును, అటుపై ఎడ్వర్డు, జార్జి రాజుల పేర్లును కృష్ణా, గోదావరి పల్లెల ఆరాధనలలోనికి వచ్చినవి. 1912లో దోర్నకలు బిషప్పైన అజరయ్య ఆంగ్లికను బిషప్పులలో మొదటి భారతీయుడు. ఆయన కాలముననే, 1930 మార్చి 1న, భారత ఆంగ్లికను సంఘము ఇంగ్లండు సంఘమునుండి చట్టరీత్యా విడిపోయినది. పదునొక్క దినములకు గాంధీజీ దండికి బయలుదేరినారు. ఆ ఏడంతయు ప్రార్థన గ్రంథములో ఐదవ జార్జి పేరే ఉండెను. ఉప్పు కేసులలో జైలుకు పోవుచున్న పొరుగువారిని చూచుచు ఆ పేరు చదివిన గురువుల మనస్సు ఎట్లుండెనో ఊహించుకొనవలసినదే.

1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యము వచ్చిన ఆరు వారములకు, మద్రాసు సెయింటు జార్జి దేవాలయములో దక్షిణ ఇండియా సంఘము ప్రారంభమైనది. ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియను, కాంగ్రిగేషనలు సంప్రదాయములవారు అందులో కలిసినారు. పుస్తకము చూచి ప్రార్థించువారును, చూడక ప్రార్థించువారును ఒక్క కప్పు క్రిందికి వచ్చినారు. ఆ సంఘము తన స్వంత ఆరాధన క్రమములను నెమ్మదిగా కూర్చుకొని 1963లో గ్రంథరూపమున వెలువరించినది. కాని ఆ మొదటి రెండు సంవత్సరములలో ఒక చిక్కు మిగిలియుండెను. 1947 ఆగస్టు 15 తరువాతను భారతదేశము డొమినియను గనుక, చట్టము ప్రకారము ఆరవ జార్జియే రాజు. పాలించుచున్నది నెహ్రూగారి మంత్రివర్గము, పుస్తకములో నున్నది జార్జి పేరు, రెండును చట్టసమ్మతములే.

1950 జనవరి 26, గురువారము ఉదయము 10 గంటల 18 నిమిషములకు భారతదేశము గణతంత్రమైనది. కొలది నిమిషములకు రాజేంద్రప్రసాదుగారు రాష్ట్రపతిగా ప్రమాణము చేసినారు. తరువాతి ఆదివారము 29వ తేదీ. పాత గ్రంథమును చేత పట్టుకొని దేవాలయమునకు పోయిన తెలుగు క్రైస్తవునికి, ఆ పేరున్న పుటలో చట్టరీత్యా రాజు లేని మొదటి ఆదివారము అది.